పాలు తాగిన పిల్లలు, తాగని పిల్లలు

1930 ఫిబ్రవరి. స్కాట్లండ్‌లో బొగ్గు గనులకూ ఉక్కు కార్ఖానాలకూ పేరుపడ్డ లానార్క్‌షైర్ ప్రాంతం. అక్కడి బళ్లలో పిల్లలు బరువు తూయించుకోవడానికి వరసగా నిలబడ్డారు. చలికాలం ఇంకా పోలేదు. త్రాసు ఎక్కేముందు బూట్లు విప్పాలి, పైకోటూ మఫ్లరూ తీసి పక్కన పెట్టాలి. మగపిల్లలైతే జేబుల్లో దాచుకున్న సామగ్రి అంతా బయట పెట్టాల్సిందే. కొందరు పిల్లలు చలికి తట్టుకోలేక మూడు నాలుగు స్వెట్టర్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని వచ్చారు. ఒక్కటి ఉంచి మిగతావి విప్పించారు. అరవై ఏడు బళ్లలో ఇరవై వేల మంది పిల్లల ఎత్తూ బరువూ ఇలా ఓపికగా రాసుకున్నారు.

ఆ తర్వాత నాలుగు నెలల పాటు పదివేల మందికి రోజూ ముప్పావు పైంటు పాలు పోశారు. మన కొలతలో సుమారు 425 మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసుల నిండా. వాళ్లలో సగం మందికి పచ్చిపాలు, సగం మందికి పాశ్చరైజు చేసినవి. మిగిలిన పదివేల మందికి ఏమీ ఇవ్వలేదు. జూన్‌లో అందరినీ మళ్లీ త్రాసు ఎక్కించారు. బడిపిల్లలకు సర్కారు ఖర్చుతో పాలు పోస్తే వాళ్లు నిజంగా ఎదుగుతారా? ప్రశ్న అదొక్కటే. ఆకలి కళ్లముందు కనిపించే రోజుల్లో అంతకన్నా విలువైన ప్రశ్న ఏముంటుంది?

జవాబు రాబట్టే దారి తేలిగ్గానే కనిపిస్తుంది. పాలు తాగినవాళ్ల పెరుగుదలకు ఒక సగటు, తాగనివాళ్ల పెరుగుదలకు ఒక సగటు. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే సరి. ఐదో తరగతి పిల్లాడు చేసే తీసివేత. నేను ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నది ఈ తీసివేత గురించే. ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌లోనూ ముందుగా చెప్పేది ఒకటే: తీసివేత చేతికి రాగానే పెన్ను కింద పెట్టకండి. వచ్చిన తేడా నిలబడేదా, ఊగేదా అని అడగాలి. ఆ రెండు గుంపులనూ ఎవరు, ఎలా విడదీశారని కూడా అడగాలి. మొదటిదానికి సూత్రం ఉంది. రెండోదానికి ఏ సూత్రమూ లేదు.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నమూనాల శాస్త్రం మొత్తం ఆ మాటలోనే ఉంది. అయితే ఆ మెతుకు మనల్ని మోసం చేయకపోవడానికి కారణం ఉంది. గిన్నెలో నీళ్లు కుతకుతలాడుతూ మెతుకులన్నిటినీ కిందామీదా చేశాయి. గరిటె తిప్పాం. అన్నిటికీ ఒకే సెగ తగిలింది. అడుగంటిన గిన్నెలో పైమెతుకు నొక్కి చూసినా లాభం లేదు. ఇక మనుషుల విషయంలో ఏ ఇద్దరూ ఒకేలా ఉడకరు. పదిమందిని తీసుకుంటే ఒక సగటు, మరో పదిమందిని తీసుకుంటే మరో సగటు. ఏ మందూ వేయకుండానే, ఏ పాలూ పోయకుండానే రెండు గుంపుల సగటులు వేరుగా వస్తాయి. అందుకని తేడా ఉందా అని అడగడం దండగ, ఎప్పుడూ ఉంటుంది. ఊరికే వచ్చే తేడా కంటే ఇది పెద్దదా అన్నదే అడగాల్సింది.

చిన్న నమూనాల్లో ఆ ఊరికే వచ్చే తేడా ఎంతో కొలిచి చూపినవాడు విలియం సీలీ గాసెట్. 1876లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో చేరాడు. బీరుకు బార్లీ కావాలి, హాప్స్ కావాలి. ఏ రకం బార్లీ మంచిదో తేల్చడానికి అతని ముందు ఉండేవి నాలుగైదు మళ్ల దిగుబడి లెక్కలు. అప్పటి గణాంక శాస్త్రవేత్తలు వందల, వేల కొలతలతో పని చేసేవాళ్లు. నాలుగు కొలతలతో ఏం చేయాలో వాళ్లకు పట్టలేదు. రైతుకైనా బీరు కాచేవాడికైనా నాలుగే ఉంటాయి. ఈ శాస్త్రంలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి గాసెట్ కావడానికి ఇదే కారణం. చేతిలో ఉన్న కొద్దిపాటి కొలతలతోనే న్యాయంగా తీర్పు చెప్పడం ఎలాగో వెతికాడు.

1906లో కంపెనీ అతన్ని లండన్‌కు, గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ ప్రయోగశాలకు పంపింది. అక్కడ అతను చేసిన ఒక పని చూడండి. మూడు వేల మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి నడిమివేలి పొడవులు ఒకరు అంతకుముందే కొలిచి ప్రచురించి ఉన్నారు. గాసెట్ వాటిని మూడువేల అట్టముక్కల మీద రాసుకున్నాడు. బాగా కలిపాడు. ఒక్కొక్కటే తీసి వరసగా రాసుకుని, నాలుగేసి చొప్పున విడగొట్టాడు. అలా వచ్చిన 750 చిన్న నమూనాల్లో ఒక్కోదాని సగటు ఎంత తప్పుతుందో లెక్కకట్టాడు. గణితంతో రాబట్టిన వంపురేఖ ఈ అట్టముక్కలు చెప్పినదానితో సరిపోయింది. కంప్యూటర్లు లేని కాలంలో చేత్తో కలిపి చేసిన పని అది. 1908లో బయోమెట్రికా పత్రికలో వ్యాసం వచ్చింది. ఉద్యోగులు సొంత పేర్లతో పరిశోధనలు అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకునేది కాదు కాబట్టి కింద ‘స్టూడెంట్’ అని పేరు పెట్టుకున్నాడు. ఇవాళ డిగ్రీ విద్యార్థులు బట్టీపట్టే స్టూడెంట్స్ టీ-పరీక్షలో ఆ స్టూడెంట్ ఈయనే. దాన్ని రెండు గుంపుల పోలికకు చక్కగా మలిచి, 1925 నాటికి పరిశోధకులందరి చేతికీ అందించినవాడు రొనాల్డ్ ఫిషర్.

గాసెట్ తన వ్యాసంలో ఉదాహరణకు తీసుకున్న అంకెలతోనే లెక్క చేసి చూద్దాం. అమెరికాలో కలమజూ అనే ఊరి మానసిక చికిత్సాలయంలో పదిమంది రోగులకు నిద్రమందులిచ్చి, మందు లేని రాత్రులకంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో కొలిచారు. ఆ ఫలితాలు 1905లో అచ్చయ్యాయి. మొదటి మందుతో అదనపు నిద్ర, గంటల్లో: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0. రెండో మందుతో: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4. రుణసంఖ్య వచ్చిన చోట ఉన్న నిద్ర కూడా తగ్గిందన్నమాట.

మొదటి వరస కూడితే 7.5, సగటు 0.75 గంట. రెండోది కూడితే 23.3, సగటు 2.33 గంటలు. తేడా 1.58, అంటే గంటన్నర పైమాటే. నిద్రపట్టని మనిషికి గంటన్నర అంటే మాటలు కాదు. కానీ ఆ వరసల్లోని అంకెలు ఎలా చెదిరి ఉన్నాయో చూడండి. ఒకే మందుకు ఒకరు గంటన్నర పైగా నిద్ర పోగొట్టుకుంటే, ఇంకొకరు మూడున్నర గంటలకు పైగా సంపాదించుకున్నారు. ఈ చెదురును కొలిచే అంకెకు ప్రామాణిక విచలనం అని పేరు. మొదటి వరసకు అది 1.79, రెండోదానికి 2.00.

ఒక్కో మనిషి అంత ఊగుతాడు. పదిమంది సగటు అంత ఊగదు. ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి కొంత మాపుకుంటాయి. ఎంత మాపుకుంటాయంటే, ఎంతమంది ఉంటే అంతకి వర్గమూలం వంతున. పదికి వర్గమూలం 3.16. విచలనాలను దానితో భాగిస్తే మొదటి సగటు ఊపు 0.57, రెండో సగటు ఊపు 0.63. దీన్నే ప్రామాణిక దోషం అంటారు. వర్గమూలం అనే మాట వినడానికి చిన్నదే గానీ పిసినారిది. ఊపు సగానికి తగ్గాలంటే మనుషులను నాలుగింతలు చేయాలి. పదోవంతుకు తగ్గాలంటే వందింతలు.

మన దగ్గర ఊగే సగటులు రెండున్నాయి. వాటి తేడా ఎంత ఊగుతుంది? ఇక్కడ ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు: సార్, సగటులను తీసివేశాం కదా, ఊపులను కూడా తీసివేయాలి కదా? మంచి ప్రశ్న. రెండు త్రాసులు, రెండూ గాలికి ఊగుతున్నాయి. ఒకటి పైకి పోయినప్పుడు రెండోది కిందికి పోవచ్చు. అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. అందుచేత తేడా ఊపు రెంటిలో ఏ ఒక్కదానికన్నా ఎక్కువ. అలాగని రెండూ కూడినంతా కాదు, ఎందుకంటే రెండూ ఎప్పుడూ ఎదురెదురుగానే పోవు. నేను బోర్డు మీద ఒక లంబకోణ త్రిభుజం గీస్తాను. ఒక భుజం 0.57, ఇంకో భుజం 0.63, కర్ణం 0.85. పైథాగరస్ సిద్ధాంతమే. ఊపుల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే తేడా ఊపు వస్తుంది. రెండు గుంపులు స్వతంత్రమైనవి అన్న మాటే ఈ బొమ్మలో ఆ లంబకోణం. ఒక గుంపు ఎటు ఊగిందో తెలిసినా రెండో గుంపు ఎటు ఊగుతుందో ఏమీ చెప్పలేం. ఒకదానికొకటి నిటారుగా నిలబడ్డ రెండు భుజాలు.

ఇప్పుడు తేడాను దాని ఊపుతో భాగించండి. 1.58ని 0.85తో భాగిస్తే 1.86. టీ-విలువ ఇదే. తేడా తన సొంత ఊపుకు రెండింతలు కూడా లేదు.

ఇది చాలా, చాలదా? ఈ ఇరవై అంకెలను ఇరవై చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేసి కుదపండి. మందులకు తేడా ఏమీ లేకపోతే ఏ చీటీ ఏ వరసలో పడ్డా ఒకటే కదా. చూడకుండా పది తీసి ఇటు, మిగిలిన పది అటు పెట్టి, సగటుల తేడా రాసుకోండి. మళ్లీ కుదపండి. ఇరవై చీటీల్లోంచి పది తీసే పద్ధతులు 1,84,756 ఉన్నాయి. అన్నీ చేయనక్కర్లేదు, గాసెట్, ఫిషర్ల పట్టిక ఆ శ్రమ తప్పిస్తుంది. గంటన్నర, అంతకు మించిన తేడా అటో ఇటో నూటికి దాదాపు ఎనిమిది సార్లు ఊరికే వస్తుంది. నూటికి ఐదుకన్నా తక్కువైతేనే లెక్కలోకి తీసుకోవడం వాడుకలో స్థిరపడ్డ గీత. అది మనుషులు పెట్టుకున్న గీతే, ప్రకృతి గీసింది కాదు. ఆ గీత దాటాలంటే ఇక్కడ టీ-విలువ 2.10 రావాలి.

ఈ ఎనిమిది గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇక్కడే పప్పులో కాలేస్తారు. రెండు మందులూ ఒకటే అవడానికి నూటికి ఎనిమిది వంతుల అవకాశం ఉందని దీని అర్థం కాదు. రెండూ ఒకటే అయిన పక్షంలో ఇంతటి తేడా ఎంత అరుదుగా కనబడుతుందో మాత్రమే అది చెబుతుంది. తేడా లేదని రుజువైందని కూడా కాదు. ఈ అంకెలతో వేసిన అంచనా ప్రకారం అసలు తేడా రెండో మందు పావుగంటలోపు వెనకబడి ఉండటం దగ్గర్నుంచి మూడు గంటల ఇరవై నిమిషాలు ముందుండటం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పు సందులో నిలబడి తేడా లేదనడం సాహసం. తెలియలేదు అనడమే నిజాయితీ.

కాలేజీ పుస్తకాల్లో ఇంకో సంగతి వస్తుంది. రెండు గుంపుల చెదురు ఒకేలా ఉందనుకుని రెంటినీ కలిపి లెక్కకట్టడం ఒక పద్ధతి. ఒకేలా లేకపోతే, పైగా గుంపులు చిన్నాపెద్దా అయితే, ఆ పద్ధతి మోసం చేస్తుంది. బి. ఎల్. వెల్ష్ అనే ఇంగ్లిష్ గణాంక శాస్త్రవేత్త 1938లోనూ 1947లోనూ రాసిన వ్యాసాలలో దానికి మందు చెప్పాడు: చెదురును వేరువేరుగానే ఉంచి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని మనం పిలిచే సంఖ్యను కాస్త తగ్గించి పట్టిక చూడమన్నాడు. మన నిద్ర లెక్కలో 18 కాస్తా 17.8 అవుతుంది. ఇక్కడ ఏమంత తేడా లేదు, వేరేచోట బాగా ఉంటుంది. నా మాట వింటే ఎప్పుడూ వెల్ష్ పద్ధతే వాడండి. అవసరం లేనిచోట వాడినా పోయేది ఏమీ ఉండదు.

ఇంతవరకు చేసిన లెక్కలో కూడికలూ భాగహారాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఈ లెక్క తప్పు.

రెండు వరసల్లోనూ ఉన్నది అదే పదిమంది. మొదటి మందు వేసుకున్నవాళ్లే రెండోదీ వేసుకున్నారు. రెండు వరసలనూ నిలువుగా జతచేసి చదవండి. ఆరో రోగికి 3.4, 4.4. ఏడో రోగికి 3.7, 5.5. ఏ మందిచ్చినా బాగా నిద్రపోయే మనుషులు వాళ్లు. రెండో రోగికి −1.6, 0.8. ఐదో రోగికి రెండు మందులతోనూ −0.1. ఒక వరస ఎటు ఊగితే రెండోదీ కొంతవరకు అటే ఊగుతోంది. మనం గీసిన లంబకోణం ఇక్కడ లేదు. ఈ అంకెల ప్రకారం ఆ రెండు భుజాల మధ్య ఉన్నది 90 డిగ్రీలు కాదు, సుమారు 37 డిగ్రీలు. భుజాలు అవే, 0.57, 0.63. వాటి నడుమ కోణం ముడుచుకుంటే ఎదురుభుజం కురచ అవుతుంది. 0.85 కాస్తా 0.39కి దిగుతుంది. ఒక్కో రోగికి ఒక్కో తేడా తీసి (1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4) ఆ పది తేడాల సగటు ఎంత ఊగుతుందో చూసినా అదే 0.39 వస్తుంది. 1.58ని దానితో భాగిస్తే 4.06. ఇంత తేడా ఊరికే రావడం వెయ్యికి మూడుసార్లు. అవే మందులు, అవే గంటలు, అవే అంకెలు. వాటిని రెండు వేరు గుంపులని అనుకుంటే తెలియలేదు అని వస్తుంది. అదే మనుషులని గుర్తుపెట్టుకుంటే తేడా స్పష్టంగా ఉందని వస్తుంది. గాసెట్ 1908లో చేసినది ఈ రెండో లెక్కే.

ఏ లెక్క వాడాలన్నది వచ్చే జవాబును బట్టి నిర్ణయించుకోకూడదు. కొలతలు ఎలా తీశారో దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. అంకెలు కాగితం మీద పడ్డాక ఒకేలా కనిపిస్తాయి. అవి పదిమందివా ఇరవైమందివా అన్నది కొలిచినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

ఈ కోణం సంగతి వచ్చినప్పుడల్లా నాకు సి. ఆర్. రావుగారు గుర్తుకొస్తారు. 1920లో అప్పటి బళ్లారి జిల్లా హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరారు. అక్కడి వ్యవస్థాపకుడు మహలనోబిస్ అప్పటికే రెండు జనసమూహాలను ఒక్క ఎత్తుతోనే కాకుండా తల పొడవు, ముక్కు వెడల్పు లాంటి పలు కొలతలతో ఒకేసారి పోల్చే దూరాన్ని కనిపెట్టి ఉన్నాడు. అందులోనూ మూలసూత్రం ఇదే: సగటుల తేడాను చెదురుతో తూచాలి. పొడుగ్గా ఉన్నవాళ్లు బరువుగా కూడా ఉంటారు. ఆ రెండు కొలతలనూ వేరువేరు సాక్ష్యాలుగా లెక్కేస్తే ఒకే మాటను రెండుసార్లు విన్నట్టవుతుంది. మహలనోబిస్ దూరం ఆ భుజాల మధ్య కోణాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ దూరమే చేతపట్టుకుని రావుగారు 1946లో కేంబ్రిడ్జ్ మ్యూజియానికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా సమాధుల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందారు. విద్యార్థుల నోట్సుల్లో రావుగారి పేరు వేరే సిద్ధాంతాల దగ్గర వస్తుంది. రెండు గుంపుల సగటులను పోల్చడమనే ఈ మామూలు పని నుంచే ఆయన అంత దూరం నడిచారని వాళ్లకు చెప్పినప్పుడు మొహాలు వెలుగుతాయి.

మళ్లీ లానార్క్‌షైర్‌కు వద్దాం. అక్కడ రోగులు పదిమంది కాదు, పిల్లలు ఇరవై వేల మంది. పదివేలకు వర్గమూలం వంద. ఒక్కో పిల్లవాడి చెదురులో వందో వంతు మాత్రమే సగటు ఊగుతుంది. అంత నిలకడైన సగటుల మధ్య ఏ కాస్త తేడా వచ్చినా టీ-విలువ గీత దాటేస్తుంది. పాలు తాగిన పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ ఎక్కువ పెరిగారని, పచ్చిపాలూ పాశ్చరైజు పాలూ సమానమేనని నివేదిక వచ్చింది. 1931లో దాన్ని విమర్శిస్తూ బయోమెట్రికాలో ఒక వ్యాసం అచ్చయింది. రాసినవాడు స్టూడెంట్. టీ-పరీక్షను పుట్టించిన మనిషే, ఇంత పెద్ద నమూనా ముందు నిలబడి, అంకెలను కాకుండా విభజనను ప్రశ్నించాడు.

పిల్లలను విడదీసింది టీచర్లు. కొన్నిచోట్ల చీటీలు తీశారు, కొన్నిచోట్ల పేర్ల అక్షరక్రమం చూసుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. అలా చేసినప్పుడు ఒక గుంపులో బాగా తిన్న పిల్లలో, బక్కచిక్కిన పిల్లలో మరీ ఎక్కువైతే, సమానం చేయడానికి కొందరిని మార్చుకోవచ్చని కూడా వాళ్లకు చెప్పారు. ఆ సందులోంచి జాలి లోపలికి వచ్చింది. ఎదురుగా ఇద్దరు పిల్లలు. ఒకడు పుష్టిగా ఉన్నాడు, ఇంకొకడి మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. రోజూ రెండు గ్లాసుల పాలు ఎవరికి రాస్తారు? ఆ స్థానంలో ఉంటే నేనూ రెండోవాడికే రాసేవాణ్ణి. తెలిసి చేసినా, తెలియక చేసినా ఫలితం కొలతల్లోకి ఎక్కింది. ప్రయోగం మొదలవకముందే పాలు లేని పిల్లలు పాలు పొందబోయే పిల్లలకన్నా బరువులో మూడు నెలల పెరుగుదలంత, ఎత్తులో నాలుగు నెలల పెరుగుదలంత ముందున్నారు. ప్రయోగం నడిచిందే నాలుగు నెలలు!

గాసెట్ ఇంకా లోపలికి వెళ్లాడు. ఆ స్వెట్టర్ల సంగతి గుర్తుందా? పిల్లలను బట్టలతోనే తూచారు. ఫిబ్రవరిలో చలిబట్టలు, జూన్‌లో పల్చటి బట్టలు. ఉన్నవాళ్ల పిల్లలకు చలికాలం బట్టలు వేరు, ఎండాకాలం బట్టలు వేరు. లేనివాళ్ల పిల్లలు ఏ కాలమైనా దాదాపు ఒకే బట్టల్లో ఉండి ఉంటారు. అంటే జూన్ నాటికి పాలు లేని గుంపు బట్టల బరువు ఎక్కువగా తగ్గుతుంది, పాల గుంపుది అంతగా తగ్గదు. ఆ తగ్గని బట్టల బరువు పాల ఖాతాలో పెరిగిన బరువుగా పడుతుంది. ఇరవై వేల మంది ఒంటిమీద గుడ్డను కూడా లెక్కలోకి తీసుకున్న ఆ చూపు చూస్తే నాకు గణాంకశాస్త్రం అంటే ఏమిటో మళ్లీ కొత్తగా తెలుస్తుంది. పచ్చిపాలు, పాశ్చరైజు పాల పోలికకు ఇంకో దెబ్బ తగిలింది. ఒక బడిలో ఒక రకం పాలే ఇచ్చారు, ఏ ఒక్క బడిలోనూ రెండూ పక్కపక్కన లేవు. అప్పుడు పోల్చింది పాలనా, బళ్లనా?

త్రాసు పళ్లెం అడుగున రాయి అతుక్కుని ఉంటే పదిసార్లు తూచినా, పదివేలసార్లు తూచినా ఆ రాయి బరువు అలాగే ఉంటుంది. ఎక్కువమందిని తీసుకుంటే తగ్గేది ఊపు ఒక్కటే, మొగ్గు తగ్గదు. ఊపు తగ్గిపోయినకొద్దీ మొగ్గు మరింత నిశ్చయంగా, మరింత గట్టి గొంతుతో మాట్లాడుతుంది. పెద్ద నమూనాలో ఉన్న ప్రమాదం ఇది, దీన్ని పుస్తకాలు తగినంత గట్టిగా చెప్పవని నా ఫిర్యాదు.

మన ఊళ్లలో ఏటా మే, జూన్ నెలల్లో ఈ లెక్క గోడలెక్కుతుంది. మా కాలేజీ పిల్లల సగటు మార్కులు ఇన్ని, జిల్లా సగటు ఇంత. తేడా నిజమే, టీ-విలువ కడితే ఎంతో పెద్దది వస్తుంది. ఆ కాలేజీలో చేరడానికి పదో తరగతిలో ఎన్ని మార్కులు వచ్చి ఉండాలో ఆ ఫ్లెక్సీ మీద ఉండదు. కొత్త ఎరువు కాలవ పక్క చేలో వేసి, పాత ఎరువు మెరక చేలో వేసి, బస్తాలు లెక్కపెట్టుకున్న రైతు సంగతీ అంతే. అతను అబద్ధం చెప్పడం లేదు, బస్తాలు నిజంగానే ఎక్కువొచ్చాయి. ఆ ఎక్కువలో నీటి వాటా ఎంత, ఎరువు వాటా ఎంత అన్నది ఏ సూత్రమూ విడదీసి చెప్పలేదు. చీటీ వేసి ఏ మడికి ఏ ఎరువో నిర్ణయించి ఉంటే నీరూ మట్టీ రెండు వైపులా తమంతట తామే పంచుకునేవి. మనకు తెలిసిన మొగ్గులే కాకుండా ఊహకు కూడా అందని మొగ్గులు సైతం చీటీ ముందు తల వంచుతాయి. అప్పుడు మిగిలేది ఊపు. ఊపుకైతే మన దగ్గర సూత్రం ఉంది.

గాసెట్ విమర్శించి ఊరుకోలేదు, ఎలా చేసి ఉండాల్సిందో కూడా రాశాడు. ఇంత డబ్బు, ఇంత శ్రమ అక్కర్లేదు, ఒకేలా పుట్టిన కవల పిల్లలను ఓ యాభై జతలు వెతకండి అన్నాడు. ఒకరికి పాలు, ఇంకొకరికి లేకుండా. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే కంచం, ఒకేలాంటి బట్టలు. మన త్రిభుజంలో కోణం ఎంతగా ముడుచుకుపోతుందో ఊహించండి. ఇరవై మూడేళ్ల కిందట పదిమంది రోగుల నిద్రను జతలుగా చదివిన మనిషే ఇప్పుడు కవలలను అడుగుతున్నాడు. లేదూ, వేలమందితోనే చేయాలంటే, ఒకే బడిలో ఒకే వయసు, ఆడో మగో ఒకరే, ఎత్తూ బరువూ ఒంటితీరూ దగ్గరగా ఉన్న పిల్లలను ఇద్దరిద్దరుగా జతకట్టమన్నాడు. ఆ తర్వాత టీచరు చేయాల్సింది ఒక్కో జతకు ఒక్కోసారి నాణెం ఎగరేయడం. బొమ్మ పడితే వీడికి పాలు, బొరుసు పడితే వాడికి. పడ్డాక మార్చుకోవడం లేదు.